కార్డులో లెక్కకు రాని భాస్వరం

డిచ్‌పల్లి, ఆర్మూరు ప్రాంతాల్లో పసుపు వేసే ఇళ్ళ పిల్లలకు ఎరువు గురించి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. తొలకరికి విత్తనపు కొమ్ము నాటింది మొదలు ఎనిమిది, తొమ్మిది నెలల దాకా ఆ పంట నేలలోనే ఉంటుంది. అంతకాలమూ దానికి తిండి అందాలి. అందుకే దుక్కిలోనే బండ్లకొద్దీ పశువుల పెంట తోలుతారు. కొందరు కోళ్ళ పెంట వేస్తారు. చెరువులో పూడిక తీసినప్పుడు ఆ మట్టిని ట్రాక్టర్లతో చేలకు ఎత్తుతారు. ఇవన్నీ వేశాక కూడా సంచుల్లో వచ్చే డి.ఏ.పి. మానరు.

ఇంత వేస్తే నేలలో భాస్వరం ఎంత ఉన్నట్టు? అది తెలుసుకోవడానికే మట్టిపరీక్ష. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు మీ ఇంట్లో ఉంటే తీసి చూడండి. అందులో 12 అంశాలుంటాయి. నత్రజని, భాస్వరం, పొటాషియం, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఇంకా పీహెచ్, లవణాల పరిమాణం, సేంద్రియ కర్బనం. భాస్వరానికి ఒకే ఒక గడి. ఆ గడిలోని అంకె అబద్ధం కాదు. కాని అది నేలలోని భాస్వరం మొత్తం కానే కాదు. జీవపదార్థంతో ముడిపడి ఉన్న భాస్వరం, అంటే సేంద్రియ భాస్వరం, ఆ అంకెలో చేరదు. ఏటేటా పెంట తోలే ప్రాంతానికి ఈ ఒక్క అంకె చాలదని, రెండోదాన్ని కూడా అప్పుడప్పుడైనా కొలవాలని నా అభిప్రాయం. అందరూ దీన్ని ఒప్పుకోరు. వాళ్ళు చెప్పే కారణాలూ కొట్టిపారేయదగినవి కావు. ముందు అసలు ఈ కొలత ఎలా చేస్తారో చూస్తే, ఎవరి మాటలో ఎంత బలముందో మీరే చెప్పగలరు.

కార్డులోని అంకె ఇలా వస్తుంది. రెండున్నర గ్రాముల మట్టిలో 50 మిల్లీలీటర్ల సోడియం బైకార్బనేటు ద్రావణం పోస్తారు. సోడియం బైకార్బనేటు మరేమిటో కాదు, వంటసోడాయే. ద్రావణం పీహెచ్ 8.5 ఉండేట్టు సరిచేస్తారు. సీసాను అరగంట కుదిపి వడపోస్తారు. అమెరికాలో ఓల్సెన్, అతని సహచరులు 1954లో ప్రకటించిన పద్ధతి ఇది. తటస్థ నేలలకు, సున్నపు పాలు ఎక్కువగా ఉన్న నేలలకు బాగా నప్పుతుంది. వడపోసిన నీటిలో అమ్మోనియం మోలిబ్డేటును, ఆమ్లాన్ని, కొంచెం విటమిన్ సి కలుపుతారు. ఉసిరికాయలో ఉండే విటమిన్ సి యే! కొద్ది నిమిషాల్లో ద్రావణం నీలంగా మారుతుంది. భాస్వరం ఎంత ఎక్కువైతే నీలం అంత చిక్కన. ఆ చిక్కదనాన్ని కలరీమీటరు కొలిచి చెబుతుంది. హెక్టారుకు 10 కిలోల లోపు వస్తే తక్కువ, 25 కిలోలు దాటితే ఎక్కువ అని మన దేశంలో సాధారణంగా లెక్క.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. మోలిబ్డేటు పట్టుకునేది విడిగా తిరిగే ఫాస్ఫేటును మాత్రమే. ఒక పెద్ద సేంద్రియ అణువుకు అతుక్కుని ఉన్న ఫాస్ఫేటు దాని చేతికి చిక్కదు. వంటసోడా ద్రావణంలోకి కొంత సేంద్రియ భాస్వరం కూడా దిగుతుంది. సీసాలో అది ఉంటుంది కూడా. కాని రంగు రాదు కాబట్టి లెక్కకు రాదు. బడికి వచ్చి కూడా హాజరు పలకని కుర్రవాడి లాంటిది అది.

ఈ నీలిరంగు కథలో మన తెలుగువాడి పేరుంది. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డులో సైరస్ ఫిస్క్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి, భాస్వరాన్ని నీలిరంగుతో కొలిచే పద్ధతిని మెరుగుపరచి 1925లో ప్రకటించాడు. నేటికీ జీవరసాయన శాస్త్రంలో దాన్ని ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అంటారు. ఆ పద్ధతితో వాళ్ళిద్దరూ కండరాల రసాన్ని పరీక్షించినప్పుడు ఒక వింత కనిపించింది. మామూలు ఫాస్ఫేటుతో రంగు వెంటనే రావాలి. కండరాల రసంలో మాత్రం రంగు ఆలస్యంగా, నెమ్మదినెమ్మదిగా ముదురుతూ వచ్చింది. ఇంకొకరైతే మందులో లోపమనో, సీసా సరిగా కడగలేదనో సరిపెట్టుకునేవారు. వాళ్ళు వదల్లేదు. పరీక్ష కోసం పోసిన ఆమ్లంలోనే ఏదో పెళుసైన సేంద్రియ పదార్థం విరిగి, అందులోని ఫాస్ఫేటు కొంచెం కొంచెంగా బయటికి వస్తున్నదని తేల్చారు. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఆ సంగతి లోకానికి తెలిసింది. అంతవరకు అందరూ కండరంలోని నిరింద్రియ ఫాస్ఫేటు అనుకుని రాసుకున్న అంకెలో చాలా భాగం నిజానికి సేంద్రియమేనన్నమాట! 1929లో ఏ.టి.పి.ని కూడా వాళ్ళు కండరం నుంచి వేరుచేశారు.

కండరం గొడవ మట్టికెందుకు అంటారా? అదే చిక్కు మట్టి రసంలోనూ ఉంది. పరీక్షలో పోసే ఆమ్లానికి కొన్ని పెళుసు సేంద్రియ పదార్థాలు విరగవచ్చు. అప్పుడు సేంద్రియం నిరింద్రియపు పద్దులో పడుతుంది. అందుకే జాగ్రత్త గల శాస్త్రజ్ఞులు తమ పత్రాల్లో నిరింద్రియ భాస్వరం అని ఊరికే రాయరు, మోలిబ్డేటుతో స్పందించిన భాస్వరం అని రాస్తారు. మాట పొడుగే, కాని నిజాయితీ గల మాట.

సేంద్రియ భాస్వరం ఒక్క పదార్థం కాదు, ఒక గుంపు. కణాల్లోని కేంద్రకామ్లాలు, కణత్వచంలోని ఫాస్ఫోలిపిడ్లు ఇందులో ఉన్నాయి. ఇవి మట్టిలో తొందరగానే కుళ్ళిపోతాయి. మొండిఘటం ఫైటిక్ ఆమ్లం. ఆరు కర్బన పరమాణువుల వలయం, ఒక్కొక్క కర్బనానికి ఒక్కొక్క ఫాస్ఫేటు చొప్పున మొత్తం ఆరు. వడ్లు, మొక్కజొన్న, కంది, సోయా ఏ గింజ తీసుకున్నా మొలకకు పనికివచ్చే భాస్వరాన్ని ఎక్కువగా ఈ రూపంలోనే దాచుకుంటుంది. ఆవు, బర్రె దీన్ని జీర్ణించుకోగలవు, ఎందుకంటే వాటి పొట్టలోని సూక్ష్మజీవులు ఫైటిక్ ఆమ్లాన్ని విరుస్తాయి. కోడికి ఆ సదుపాయం చాలా తక్కువ. అందుచేత అది తిన్న గింజలోని ఫైటిక్ ఆమ్లం చాలావరకు పెంటలోకే వస్తుంది. ఈమధ్య దాణాలో ఫైటేజ్ అనే ఎంజైమును కలపడం అందుకే. చేలోకి చేరాక ఫైటిక్ ఆమ్లం ఇనుము, అల్యూమినియం ఆక్సైడులను గట్టిగా కరచుకుని ఏళ్ళ తరబడి కూర్చుంటుంది. చలక నేలల ఎరుపు ఈ ఇనుప ఆక్సైడుల ఎరుపే.

ఇంత దాక్కున్నదాన్ని కొలవడం ఎలా? అన్నిటికంటె సులువైన ఉపాయం దహనం. 1955లో సాండర్స్, విలియమ్స్ అనేవారు దీన్ని ప్రకటించారు. ఒకే మట్టిని రెండు భాగాలు చేస్తారు. ఒక భాగాన్ని పింగాణీ మూసలో పెట్టి విద్యుత్ కొలిమిలో 550 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర గంటసేపు కాలుస్తారు. సేంద్రియ పదార్థమంతా కాలిపోతుంది. దానికి అతుక్కున్న భాస్వరం కాలి ఎగిరిపోదు, ఫాస్ఫేటుగా మట్టిలోనే మిగులుతుంది. కాల్చిన మట్టిని, కాల్చని మట్టిని వేర్వేరు సీసాల్లో సల్ఫ్యూరిక్ ఆమ్లంతో 16 గంటలు కుదిపి, వడపోసి, రెండింటిలోనూ నీలిరంగు పరీక్ష చేస్తారు. కాల్చినదానిలో ఎక్కువగా వచ్చినదంతా సేంద్రియ భాస్వరం. చూశారా, సేంద్రియ భాస్వరాన్ని నేరుగా కొలవలేదు. రెండు కొలతలు తీసి, ఒకదానిలో నుంచి ఒకటి తీసివేశాం.

తీసివేత ఒకటో తరగతి లెక్కే గాని, ప్రయోగశాలలో దానంత మోసకారి లెక్క లేదు. ఉదాహరణకు కాల్చిన మట్టిలో కిలోకు 310 మిల్లీగ్రాములు, కాల్చనిదానిలో 190 వచ్చాయనుకుందాం. తేడా 120. ప్రతి కొలతలోనూ నూటికి 5 వంతుల పొరపాటు సహజమని అనుకుంటే, మొదటిదానిలో 15.5, రెండోదానిలో 9.5. రెండు పొరపాట్లూ ఎదురెదురు దిక్కులకు లాగితే తేడా 145 కావచ్చు, 95 కూడా కావచ్చు. కొలిచేటప్పుడు జరిగింది నూటికి 5 వంతుల పొరపాటు, జవాబులో అది నూటికి 20 వంతులు దాటింది! అందుకే ఒక్కొక్క నమూనాను రెండు మూడు సార్లు చేసి చూడనివారి అంకెను నేను నమ్మను. మీరూ నమ్మవద్దు.

ఇంకో లోపముంది. అది ఎన్నిసార్లు చేసినా పోదు. కొలిమి వేడికి సేంద్రియ పదార్థమే కాదు, ఖనిజాలు కూడా మారతాయి. ఇనుప ఆక్సైడులు ఎక్కువగా ఉన్న ఎర్రనేలలో, అంతకుముందు ఆమ్లానికి లొంగని ఖనిజ భాస్వరం కాల్చాక లొంగుతుంది. అదంతా సేంద్రియం పద్దులో పడి అంకె పెరుగుతుంది. సున్నం ఎక్కువగా ఉన్న రేగడిలో వేరే తంటా. పోసిన ఆమ్లంలో కొంత సున్నంతోనే ఖర్చయిపోతుంది. దాన్ని లెక్కవేసి ఆమ్లం పోయకపోతే భాస్వరం పూర్తిగా దిగదు. నిజామాబాదు జిల్లాలో చలక, రేగడి రెండూ ఉన్నాయి కనుక, ఒక ఊరి అంకెను పక్క ఊరి అంకెతో పోల్చేముందు రెండు మట్టిల రంగూ చూడడం మంచిది.

కాల్చకుండా కొలిచే పద్ధతి కూడా ఉంది. మెహతా, మరి ముగ్గురు కలిసి 1954లో ప్రకటించినదాని ప్రకారం మట్టిని ముందు గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో, తరువాత సోడియం హైడ్రాక్సైడుతో కడిగి, ఆ కడుగునీటిలో మొత్తం భాస్వరాన్ని, విడి ఫాస్ఫేటును వేర్వేరుగా కొలుస్తారు. మళ్ళీ తీసివేతే! పైగా ఘాటైన ఆమ్లానికి, క్షారానికి కొన్ని సేంద్రియ పదార్థాలు దారిలోనే విరిగిపోతాయి. సాధారణంగా దహనపద్ధతి అంకె ఎక్కువ చేస్తుందని, కడుగుపద్ధతి తక్కువ చేస్తుందని అనుభవజ్ఞుల మాట.

తీసివేత లేకుండా నేరుగా చూడలేమా? చూడవచ్చు. 1980లో న్యూజీలాండులో న్యూమన్, టేట్ అనేవారు మట్టి రసాన్ని ఎన్.ఎం.ఆర్. యంత్రంలో పెట్టి చూశారు. బలమైన అయస్కాంత క్షేత్రంలో భాస్వర పరమాణువు కేంద్రకం తన చుట్టూ ఎవరున్నారో బట్టి ఒక్కో చోట ఒక్కో శిఖరంగా కనిపిస్తుంది. ఫైటిక్ ఆమ్లం ఒకచోట, కేంద్రకామ్లం ఒకచోట, విడి ఫాస్ఫేటు మరొకచోట. గుంపును పేరుపేరునా పిలిచి హాజరు తీసుకున్నట్టు ఉంటుంది. కాని యంత్రం ఖరీదు, దాన్ని చల్లగా ఉంచే ద్రవ హీలియం ఖరీదు, ఒక్క నమూనాకు గంటలకొద్దీ కాలం. పైగా మట్టిలోనుంచి భాస్వరాన్ని లాగడానికి ఇందులోనూ క్షారాన్నే వాడాలి, ఆ క్షారంలో కొన్ని పదార్థాలు రూపు మారక తప్పదు. జిల్లా ప్రయోగశాలకు ఇది నప్పదు, నప్పకపోయినా బాధ లేదు.

మన పని దహనపద్ధతితోనే నడుస్తుంది. దాని లోపాలు తెలిసి వాడితే చాలు. పైన అనుకున్న 120 మిల్లీగ్రాముల అంకె చేలో ఎంతవుతుందో చూద్దాం. ఎకరం నేలలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 9 లక్షల కిలోలు తూగుతుంది. కిలోకు 120 మిల్లీగ్రాములంటే ఎకరానికి 108 కిలోల భాస్వరం. 50 కిలోల డి.ఏ.పి. సంచి మీద భాస్వరం 46 శాతం అని ఉంటుంది. అది భాస్వరపు ఆక్సైడు లెక్క. ఆ ఆక్సైడులో 142 పాళ్ళకు 62 పాళ్ళే అసలు భాస్వరం. కాబట్టి సంచికి సుమారు 10 కిలోలు. అంటే ఆ ఎకరంలో పది సంచుల డి.ఏ.పి.లో ఉన్నంత భాస్వరం సేంద్రియ రూపంలో పడి ఉందన్నమాట. అదే చేను కార్డులో హెక్టారుకు 30 కిలోలు అని రాసి ఉంటే, అది ఎకరానికి 12 కిలోలు మాత్రమే. ఈ అంకెలు ఉదాహరణకు వేసినవి, మీ చేనులో వేరుగా ఉంటాయి. మన ఎండల్లో సేంద్రియ పదార్థం త్వరగా హరించుకుపోతుంది కనుక తక్కువే ఉండవచ్చు. ఎంత తక్కువో కొలిస్తేనే గదా తెలిసేది!

ఇది చదివి ఈ ఏడు డి.ఏ.పి. మానేయమని ఇంట్లో పెద్దవాళ్ళతో వాదం పెట్టుకోకండి. కార్డులో ఈ అంకె ఎందుకు లేదో చెప్పేవారి ముఖ్య వాదన ఇక్కడే ఉంది. ఎరువుల సిఫారసులు పొలాల్లో ఎన్నో పంటల మీద చేసిన ప్రయోగాలను బట్టి తయారయ్యాయి. ఏ అంకెకు ఎంత ఎరువు వేస్తే దిగుబడి పెరుగుతుందో ఓల్సెన్ అంకెకు తెలుసు, సేంద్రియ భాస్వరం అంకెకు తెలియదు. ఆ పది సంచుల నిల్వలో ఈ ఏడు ఎంత విడుదలవుతుందో అది చెప్పలేదు. ఒక్క పంటకాలం మాట వరకు ఈ వాదన పూర్తిగా సరైనదే.

కాని పసుపు రైతు లెక్క ఒక్క పంటది కాదు. పదేళ్ళుగా పెంట తోలిన చేనుకూ, పదేళ్ళుగా డి.ఏ.పి. మాత్రమే వేసిన చేనుకూ కార్డులో ఒకే అంకె రావచ్చు. రెండింటికీ ఒకే సిఫారసు వస్తుంది. రెండూ ఒకటేనా? మన దేశానికి కావలసిన ఫాస్ఫేటు రాయి, ఫాస్ఫారిక్ ఆమ్లం చాలావరకు విదేశాల నుంచి వస్తున్నాయి. రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గరి ఝామర్‌కోట్రా వంటి గనులున్నా మన అవసరానికి చాలవు. చేలో ఉన్నదేమిటో చూసుకోకుండా ఓడల్లో వచ్చినదాన్ని ఏటా కుమ్మరించడం నాకు తెలివైన పనిగా తోచదు. ఎక్కువైన భాస్వరం వానకు మట్టితోపాటు కొట్టుకుపోయి చెరువులో చేరితే అక్కడ పాచి పెరుగుతుంది. ఆ చెరువు పూడికనే మళ్ళీ చేలకు ఎత్తుతాం. అందులో ఏ రూపంలో ఎంత భాస్వరముందో అడిగేవారు తక్కువ.

నిల్వ ఎంత ఉందో తెలిస్తే చాలదు, తాళం తీసేవాడు ఉన్నాడా అనీ చూడాలి. ఆ పని ఫాస్ఫటేజ్ అనే ఎంజైములది. మొక్కల వేళ్ళు, బూజులు, బాక్టీరియాలు వీటిని వదులుతాయి. 1969లో టబాటబాయి, బ్రెమ్నర్ చెప్పిన పరీక్ష చూడ ముచ్చటగా ఉంటుంది. పారానైట్రోఫినైల్ ఫాస్ఫేటు అనే రంగులేని పదార్థాన్ని మట్టికి కలిపి 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచుతారు. ఎంజైము ఫాస్ఫేటును తెంచేస్తే మిగిలేది క్షారంలో పసుపు రంగుగా కనిపిస్తుంది. పసుపు ఎంత ముదిరితే ఎంజైములకు అంత చురుకు. ఈ పరీక్ష భాస్వరం ఎంత ఉందో చెప్పదు, విడిపించే శక్తి ఎంత ఉందో చెబుతుంది. రంగుల మాట వచ్చింది గనుక ఇంకొకటి. మీరు పండించే పసుపు కూడా మట్టిపరీక్షకు పనికివచ్చింది. పసుపులోని కర్కుమిన్ బోరాన్‌తో కలిసి ఎర్రని పదార్థం ఇస్తుంది, ఆ ఎరుపును బట్టి మట్టిలోని బోరాన్‌ను కొలిచే పద్ధతి ఉంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడడం మీకు తెలిసిందే గాని, దాని కారణం వేరు.

నేను అడిగేది ప్రతి కార్డులోనూ కొత్త గడి చేర్చమని కాదు. వేల నమూనాలను 16 గంటల చొప్పున కుదిపే తీరిక ఏ ప్రయోగశాలకూ లేదు. పసుపు వేసే ఒక్కొక్క ఊళ్ళో రెండే రెండు చేలు ఎంచుకోవాలి. పెంట బాగా తోలినది ఒకటి, తోలనిది ఒకటి. మూడేళ్ళకొకసారి అదే చోట మట్టి తీసి, అదే పద్ధతితో, అదే కొలిమిలో కాల్చి చూడాలి. పద్ధతి మార్చకపోతే దాని లోపం ప్రతిసారీ ఇంచుమించు ఒకేలా ఉంటుంది కనుక, అంకె పెరుగుతోందా తరుగుతోందా అన్నది నమ్మదగినట్టు తెలుస్తుంది. డిచ్‌పల్లిలో 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం ఉంది. కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన స్థానం ఉంది. 2025 జనవరిలో నిజామాబాదులో జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైంది. ధర గురించి, ఎగుమతి గురించి మాట్లాడేచోట నేల గురించి కూడా ఒక దస్త్రం తెరవమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

ఆమ్లాలు, కొలిమి మీ చేతిలో పెట్టే వస్తువులు కావు. మట్టి తీయడం మాత్రం మీరు పెద్దవాళ్ళకంటె బాగా చేయగలరు, ఓపిక ఉంటే. చేలో పది పదిహేను చోట్ల ఆంగ్ల అక్షరం వి ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, గుంట గోడ నుంచి పైనుంచి కిందికి ఒకే మందాన మట్టి చెక్కాలి. గట్టు పక్కన, చెట్టు కింద, పెంటకుప్ప పోసిన జాగాలో తీయకూడదు. అన్నీ కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు పారేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించాలి. నీడలోనే ఆరబెట్టాలి. ఎండలో వేస్తే మట్టిలోని సూక్ష్మజీవులు చచ్చి వాటి భాస్వరం బయటపడుతుంది, లెక్క చెడుతుంది. సంచిలో వేసే చీటీ మీద ఊరు, సర్వే నంబరు, తేదీ, లోతు రాయండి. చివరిసారి పెంట ఎప్పుడు తోలారో, ఎన్ని బండ్లో ఇంట్లో అడిగి అదీ రాయండి. పెంట తోలి నెల కూడా కాకపోతే ఆ చేను మట్టిని ఈసారికి వదిలేసి, పసుపు తవ్వాక తీయండి.